డెట్‌లో 'బి' ఎందుకుంది? ఇంగ్లీషుకి లాటిన్ తల్లా, అత్తగారా?

సోమవారం_సెలవు:

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఏడో క్లాసు. మొన్న డిక్టేషన్‌లో ఇరవైకి పదహారు వచ్చాయి. పోయిన నాలుగూ ఏవంటే డెట్ (debt), డౌట్ (doubt), రిసీట్ (receipt), ఐలాండ్ (island). మొదటి రెండింట్లో బి వదిలేసింది, మూడోదాంట్లో పి, నాలుగోదాంట్లో ఎస్. "పలకని అక్షరం రాయడం దేనికి నాన్నా?" అంది. నేను బెండకాయలు తరుగుతూ, పెద్ద తెలిసినవాడిలా, "అవన్నీ లాటిన్ నుంచి వచ్చిన మాటలమ్మా, అందుకే అలా ఉంటాయి" అనేశాను. "అయితే లాటిన్‌లో పలికేవాళ్ళా?" అంది. అక్కడ దొరికిపోయాను.

అప్పుడే మా మామగారు హాల్లోంచి అందుకున్నారు. "లాటినేంటయ్యా, అంతా మన సంస్కృతం నుంచి పోయిందే" అని ఫోన్ తీసి ఒక ఫార్వర్డ్ పైకి చదివారు. సెప్టెంబర్ అంటే సప్త అంబరం అట, నావిగేషన్ అంటే నావ గతి అట, డే అంటే దినం అట. అల్లుణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే సంస్కృతం, లాటిన్ అంకెలు సప్త–సెప్టెమ్, నవ–నోవెమ్, దశ–డెకెమ్ అని పక్కపక్కన వింటే నాకూ ఆయన చెప్పిందే కరెక్టేమో అనిపిస్తోంది. అసలు ఇంగ్లీషులో లాటిన్ ఎంత, సంస్కృతంతో దానికి చుట్టరికం ఏంటి, ఆ బి సంగతేంటి? శాలరీ అంటే ఉప్పు, రోమన్ సైనికులకి జీతం ఉప్పుగా ఇచ్చేవాళ్ళు అని కూడా అమ్మాయికి చెప్పేసి ఉన్నాను, అదైనా నిజమేనా? ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి, ఆదివారం లోపు పరువు నిలబెట్టుకోవాలి.

రిటైర్డ్_పండిట్:

బాబూ, నేను హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాను, ఇంగ్లీషు నా సబ్జెక్టు కాదు. అయినా స్టాఫ్ రూములో ఇంగ్లీషు మాస్టారి పక్క కుర్చీ నాది, పాతికేళ్ళ పాటు ఇద్దరం ఇవే మాట్లాడుకున్నాం కాబట్టి చెబుతాను.

ముందు మీ అమ్మాయికి చెప్పండి, తను రాసిన స్పెల్లింగ్ ఒకప్పుడు తప్పు కాదు. 1066లో నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండ్ గెలుచుకున్నాక అక్కడి కోర్టులోకీ కచేరీలోకీ పెద్దింటి వంటశాలలోకీ ఫ్రెంచి మాటలు గుంపులుగా వచ్చి పడ్డాయి. అప్పుడొచ్చిందే ఈ మాట. ఫ్రెంచిలో దాన్ని డెట్టె అనేవాళ్ళు, అందులో బి లేదు, పలకరు, రాయరు. ఇంగ్లీషువాళ్ళు కూడా చాలాకాలం బి లేకుండానే రాసుకున్నారు. తర్వాత లాటిన్ బాగా చదువుకున్న పండితులు బయల్దేరి, "ఇది లాటిన్ 'డేబిటుమ్' కదా, అందులో బి ఉంది కదా, మనం ఇలా మొరటుగా రాస్తే ఎలా" అని బి తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. రాతలో కూర్చుంది గానీ జనం నోట్లోకి ఎక్కలేదు. డౌట్ కథా అంతే, లాటిన్ 'డుబిటారె'. రిసీట్‌లో పి కూడా ఇలా దిగుమతి అయిందే. కాబట్టి "లాటిన్‌లో పలికేవాళ్ళా" అన్న ప్రశ్నకి జవాబు: రోమన్లు తమ మాటలో బి శుభ్రంగా పలికేవాళ్ళు. డెట్‌లో మాత్రం ఎవరూ ఏ రోజూ పలకలేదు.

ఐలాండ్ మరీ ఘోరం. అది అసలు లాటిన్ మాటే కాదు, అచ్చ ఇంగ్లీషు మాట, పాతకాలంలో 'ఈగ్‌లాండ్' లాంటి రూపం. పక్కనే ఫ్రెంచి దారిలో వచ్చిన 'ఐల్' అనే మాట ఉంది, దానికి మూలం లాటిన్ 'ఇన్సుల'. ఇవి రెండూ ఒకటే అనుకుని దీంట్లో కూడా ఎస్ దూర్చారు. మన బోర్డుల మీద శాకాహారానికి వత్తు పెట్టి శాఖాహారం అని రాస్తారు చూడండి, శాకం అంటే కూర, శాఖ అంటే కొమ్మ, కొమ్మలు తినే హోటలన్నమాట. వత్తు ఉంటే సంస్కృతంలా గొప్పగా ఉంటుందని పెడతారు. ఐలాండ్‌లో ఎస్ అదే జబ్బు. తేడా ఏంటంటే అక్కడ ఆ తప్పే డిక్షనరీకెక్కింది.

ఇక తల్లా అత్తా అన్నారు కదా. మనం స్కూల్లో ప్రకృతి–వికృతి చదువుకున్నాం. రాత్రి–రాతిరి, ముఖం–మొగం, విద్య–విద్దె, అగ్ని–అగ్గి. సంస్కృతం మాట ఒకసారి జనం నోళ్ళలో నలిగి వికృతిగా వస్తుంది, అదే మాట మళ్ళీ పుస్తకం నుంచి నలక్కుండా వస్తుంది, రెండూ పక్కపక్కనే బతుకుతాయి. ఇంగ్లీషులో కూడా అచ్చం ఇదే. డేబిటుమ్ ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి డెట్ అయింది, అదే మాట నలక్కుండా డెబిట్‌గా వచ్చి ఇవాళ మీ జేబులో డెబిట్ కార్డుగా ఉంది. ఫ్రాజైల్ ప్రకృతి, ఫ్రెయిల్ వికృతి. సెక్యూర్ ప్రకృతి, ష్యూర్ వికృతి. హాస్పిటల్, హాస్టల్, హోటల్ మూడూ ఒకే లాటిన్ మాట, అతిథికి సంబంధించినది. ఫ్రెంచిలో హాస్టల్ మధ్యలో ఎస్ రాలిపోతే హోటల్. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి హోటల్లో తిని హాస్పిటల్‌కి వెళ్ళిన కుర్రాడు ఒకే మాటని మూడుసార్లు వాడుకున్నాడు.

ఇంట్లో వాడుకునే మాటలు మాత్రం వాళ్ళ సొంతం. వాటర్, హౌస్, ఈట్, మదర్, టూత్. మనకి నీళ్ళు, ఇల్లు, తిను, అమ్మ, పన్ను ఎలాగో అలా. కాస్త బల్ల మీద కూర్చుని మాట్లాడాల్సి వచ్చినప్పుడు మనం జలం, గృహం, భోజనం అంటాం, వాళ్ళు లాటిన్ తీస్తారు. పంటి డాక్టరు అంటే పక్కింటి మాట, దంతవైద్యుడు అంటే బోర్డు మీద మాట. టూత్, డెంటిస్ట్ తేడా అదే. అందుకని లాటిన్ ఇంగ్లీషుకి తల్లి కాదు, పెత్తనం చేసే అత్తగారు అనుకోండి. ఇంటి కోడలి పుట్టిల్లు జర్మన్, డచ్ లాంటి జర్మానిక్ భాషలు.

టీ_బ్రేక్:

పండిట్ గారూ 'కొమ్మలు తినే హోటల్' చదివి ఆఫీసులో టీ కక్కేశాను. మా వీధిలో మేకలకి పెట్టిన హోటల్ అనుకుంటా, బోర్డు పదేళ్ళ నుంచి అలాగే ఉంది.

రైన్_ఒడ్డు:

మేం జర్మనీలో ఉంటాం. మా వాడికి స్కూల్లో రెండో విదేశీ భాష లాటిన్. ఇక్కడ గిమ్నాజియుమ్ అనే హైస్కూళ్ళలో చాలామంది పిల్లలు ఇప్పటికీ లాటిన్ చదువుతారు. సాయంత్రం వాడు టేబుల్ దగ్గర కూర్చుని "డోమినుస్, డోమినీ, డోమినో" అని వల్లిస్తుంటే నాకు వంటింట్లో తెలియకుండానే "రామః రామౌ రామాః" నోట్లోకి వచ్చేస్తుంది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నేను, అప్పుడు పట్టిన బట్టీ ఇన్నేళ్ళకి పనికొచ్చింది.

మీ మామగారు సగం కరెక్టు, ఆ సగం చాలా గట్టిది. సంస్కృతం, లాటిన్, గ్రీకు మధ్య పోలిక కాకతాళీయం కాదు, ఇవి మూడూ బహుశా ఇప్పుడు లేని ఏదో ఒక మూలం నుంచి పుట్టి ఉండాలి అని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో చెప్పాడు. అంటే సంస్కృతం లాటిన్‌కి తల్లి కాదు, తోబుట్టువు. సెప్టెమ్ సప్త నుంచి రాలేదు, రెండూ ఒకే అమ్మమ్మ ముక్కు పోలికతో పుట్టాయి. ఇంగ్లీషు కూడా ఆ ఇంటిదే, కాకపోతే జర్మానిక్ కొమ్మ. అందుకే ఒకే చుట్టరికం ఇంగ్లీషులో రెండు దారుల్లో కనిపిస్తుంది. మౌస్ వాళ్ళకి వారసత్వంగా వచ్చింది, మన మూషికానికి చుట్టం. మజిల్ లాటిన్ దగ్గర తెచ్చుకున్న అప్పు, 'ముస్కులుస్' అంటే చిట్టెలుక (చెయ్యి మడిచి కండ చూపిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టుంటుందని). అలాగే టూత్ సొంతం, డెంటల్ అప్పు, రెండూ దంతానికి చుట్టాలే.

నాకు బాగా నచ్చినవి చెబుతాను. వైరస్ అంటే లాటిన్‌లో విషం, మాట కూడా మన విషానికి అక్కచెల్లెలే, మధ్యలో ఉన్న 'స' రోమన్ల నోట్లో 'ర' అయింది. వెహికిల్ – వాహనం. ఇగ్నిషన్ – అగ్ని. డేటా అంటే 'ఇచ్చినవి', మన దత్తం, దానం. బండి తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ మీరు అగ్నిని పిలుస్తున్నారన్నమాట. జంక్షన్ అంటే కలిసేచోటు, 'యుంగెరె' అంటే కలపడం, అది మన యోగం, సంయోగం. విజయవాడ జంక్షన్ అని అనౌన్స్‌మెంట్ విన్నప్పుడల్లా ఇక నాకు యోగాసనాలే కనిపిస్తాయి.

అన్నిటికంటే తమాషా బస్సుది. లాటిన్‌లో 'ఓమ్నిస్' అంటే అందరూ, 'ఓమ్నిబుస్' అంటే అందరి కోసం. 1820లలో ఫ్రాన్స్‌లో అందరూ ఎక్కే గుర్రబ్బండికి ఆ పేరు పెట్టారు, 1829లో షిల్లిబీర్ అనే ఆయన లండన్‌లో ప్యాడింగ్టన్ నుంచి బ్యాంక్ అనే చోటు దాకా అదే పేరుతో నడిపాడు. జనం బద్ధకంగా ముందు భాగం కొట్టేసి చివరి ముక్క ఉంచుకున్నారు. అసలు అర్థమున్న ముక్క పోయి విభక్తి ప్రత్యయం ఒక్కటే మిగిలింది! మావాడు ఆ పట్టిక చదువుతుంటే ఇది చతుర్థీ, పంచమీ బహువచనం అని గమనించి గబగబా గుర్తు చేసుకున్నాను: రామేభ్యః, రామేభ్యః. సంస్కృతంలో కూడా ఆ రెంటికీ ఒకటే రూపం. ఆ 'భ్యః', ఈ 'బుస్' ఒకే మూలం నుంచి వచ్చినవే. 1932లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో సర్వీసు మొదలైందంటారు, అంటే ఇరవై ఏడు 'భ్యః'లు రోడ్డెక్కాయి.

ఇప్పుడు మామగారి తప్పు సగం. డేకి దినానికి సంబంధం లేదు. దినానికి చుట్టం లాటిన్ 'డియేస్', డే మాత్రం జర్మానిక్ వైపు వేరే మాట. వినడానికి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టాలు కాదు. నావిగేషన్‌లో ముందు ముక్క మన నావకి చుట్టమే, రెండోది గతి కాదు, 'అగెరె', నడపడం. ఏజెంట్, యాక్షన్, ఎజెండా అన్నీ అందులోంచే, ఎజెండా అంటే 'చేయాల్సినవి'. సప్త అంబరం అయితే పూర్తిగా అల్లిక, ఏడో ఆకాశం దాకా పోనక్కర్లేదు, ఏడో నెల, అంతే.

ఇంకొకటి, ఇది మామగారికి కొంచెం మెల్లగా చెప్పండి. మన తెలుగు ఆ ఇంటిది కాదు. 1816లో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు భాగంలో మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ రాసిన వ్యాసం వచ్చింది, తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వీటిది వేరే కుటుంబం అని అందులో ధాతువులు పట్టిక వేసి చూపించాడు. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ కంటే నలభై ఏళ్ళ ముందు. పండిట్ గారు చెప్పిన పోలిక అందుకే సరిగ్గా కుదిరింది. మనం సంస్కృతం అరువు తెచ్చుకున్నట్టే వాళ్ళు లాటిన్ అరువు తెచ్చుకున్నారు.

మందుల_చీటీ:

నాది మెడికల్ షాపు. నాకు లాటిన్ రాదు గానీ రోజంతా నేను చదివేది లాటినే అని ఈ మధ్యే తెలిసింది. చీటీ మీద ఆర్ఎక్స్ అని గీస్తారు చూడండి, అది 'రెకిపె', అంటే 'తీసుకో' అని. వంట రెసిపీ కూడా అదే మాట, పాతకాలంలో వైద్యుడు చీటీ మొదట్లో ఆ మాట రాసి కింద సరుకులు రాసేవాడు. పై పోస్టులో మీ అమ్మాయి పి వదిలేసిన రిసీట్ ఉందే, అదీ ఆ క్రియలోంచే. డాక్టరు గారి ఆర్ఎక్స్, మా షాపు రిసీట్, మీ ఇంటి రెసిపీ మూడూ ఒక్క తల్లి పిల్లలు.

బిడి అంటే 'బిస్ ఇన్ డియే', రోజుకి రెండుసార్లు. బిస్ అంటే రెండుసార్లు, బిస్కెట్‌లో ఉన్నదీ అదే, రెండుసార్లు కాల్చినది. టీడీఎస్ అనగానే మీకు ట్యాక్స్ గుర్తొస్తుంది, మాకు మూడు పూటలు. ఏసీ అంటే తిండికి ముందు, పీసీ అంటే తిన్నాక, హెచ్ఎస్ అంటే పడుకునేటప్పుడు.

ఎస్ఓఎస్ మాత్రం నన్ను ఒకసారి ఇబ్బంది పెట్టింది. ఒకాయన వాళ్ళమ్మ చీటీ పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. పారాసెటమాల్ పక్కన ఎస్ఓఎస్ అని ఉంది. సినిమాల్లో ఓడ మునిగేటప్పుడు పంపే ఎస్ఓఎస్ అనుకున్నాడు పాపం, "డాక్టరు మాకు చెప్పకుండా చీటీలో రాశాడు, అమ్మకి సీరియస్సా అండీ?" అని అడుగుతున్నాడు. అది 'సి ఓపుస్ సిట్', అవసరమైతేనే వేసుకో అని. ఒళ్ళు వెచ్చబడితే వెయ్యండి, లేకపోతే వద్దు అన్నాను. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఓడల ఎస్ఓఎస్‌కి అయితే అసలు అర్థమే లేదు, మోర్స్‌లో కొట్టడానికి సులువని పెట్టుకున్న గుర్తు.

కళ్ళద్దాల చీటీలో ఇంకో తంటా. అక్కడ ఓడీ అంటే కుడికన్ను, 'ఓకులుస్ డెక్స్‌టెర్', ఓఎస్ ఎడమకన్ను. మా దగ్గర ఓడీ అంటే రోజుకొకటి. కంటి చుక్కల చీటీ వస్తే కుడికంటికా, రోజుకొకసారా అని రెండుసార్లు చూసుకోవాలి. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు 1-0-1 అని అంకెలు రాస్తున్నారు, మా ప్రాణానికి హాయి.

రైన్_ఒడ్డు:

మందుల చీటీ గారూ, భలే తెచ్చారు. డెక్స్‌టెర్ మన దక్షిణానికి చుట్టం, తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం కదా. ఓకులుస్ మన అక్షికి చుట్టం. ఎడమకి లాటిన్ మాట 'సినిస్టెర్', ఇంగ్లీషులో సినిస్టర్ అంటే అపశకునం, దుర్మార్గం అయి కూర్చుంది. ఎడమచేతి మీద చిన్నచూపు అక్కడా ఉందన్నమాట.

శివారు_ఆయకట్టు:

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు గానీ మా అబ్బాయి చెప్పిన మాట ఒకటి ఇక్కడ పెట్టాలనిపించింది. రైవల్ అంటే పోటీవాడు కదా. లాటిన్‌లో 'రీవుస్' అంటే వాగు, కాలువ. 'రీవాలిస్' అంటే ఒకే కాలువలో నీళ్ళు వాడుకునేవాడు. రోమన్ల చట్టంలో కూడా ఉందంట, ఒకే కాలువ నుంచి నీళ్ళు తీసుకునేవాళ్ళ మధ్య తగాదా వస్తే ఏం చెయ్యాలని.

ఇది చెప్పగానే నాకు నవ్వొచ్చింది. మాది కాలువ చివర. పైన తూము దగ్గరవాళ్ళు తడిపి, మధ్యవాళ్ళు తడిపి, మా దగ్గరికొచ్చేసరికి బురద. ఒక ఏడాది నారు ముదిరిపోతుంటే రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట పైకి నడిచాను. తూము దగ్గర ఎవరో గడ్డి మోపులు అడ్డం వేశారు. ఎవరా అని లైటు వేస్తే మా పెదనాన్న కొడుకే, మోపు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు. తర్వాత కాలువ నీళ్ళు చూసే లస్కరుకి కబురు పెట్టి వంతులు వేయించుకున్నాం. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే ఆ రాత్రి గురించి ఎవరం ఎత్తం.

మన దాయాది అనే మాట కూడా అంతే కదా పండిట్ గారూ? ఆస్తిలో భాగం ఉన్నవాడని అర్థం, ఇప్పుడు క్రికెట్ మ్యాచ్‌కి ముందు పేపర్లో దాయాదుల పోరు అని శత్రువుకి వేస్తారు.

రిటైర్డ్_పండిట్:

అంతేనండి. దాయం అంటే పంచుకునే ఆస్తి, దాన్ని తీసుకునేవాడు దాయాది. వాళ్ళకి నీళ్ళ దగ్గర పుట్టింది, మనకి పొలం గట్టు దగ్గర పుట్టింది. ఈ మాట నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను గానీ రైవల్ ఎదురుగా పెట్టి చూడటం ఇదే మొదటిసారి.

సోమవారం_సెలవు:

అయ్యబాబోయ్, ఒక్క రోజులో ఇంత వచ్చింది! బస్సు–రామేభ్యః మామగారికి చదివి వినిపించాను. మొదట "చూశావా, నేను చెప్పలేదూ" అన్నారు. తోబుట్టువు, తల్లి కాదు అన్నది చదివాక "ఆ, తోబుట్టువైనా పెద్దక్కే" అని సర్దుకున్నారు. ఎల్లిస్ పేరా ఇంకా చదవలేదు, మంచి రోజు చూసుకుని చదువుతా. ఇంతకీ ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంకోటి, సెప్టెంబర్ ఏడో నెల అన్నారు, క్యాలెండర్లో తొమ్మిదోది కదా. జూలియస్ సీజర్, ఆగస్టస్ మధ్యలో వాళ్ళ పేర్లతో రెండు నెలలు దూర్చేశారు, అందుకే జరిగిపోయింది అని మా టీచర్ చెప్పినట్టు గుర్తు.

రైన్_ఒడ్డు:

మా టీచర్ కూడా అదే చెప్పారు, అది తప్పు. జూలై, ఆగస్టు ముందు నుంచీ ఉన్న నెలలే, పేర్లు మాత్రం మారాయి. పాత పేర్లు క్వింటిలిస్, సెక్స్‌టిలిస్, అంటే ఐదోది, ఆరోది. క్రీ.పూ. 44లో ఒకటి, క్రీ.పూ. 8లో ఒకటి మారాయి. అసలు విషయం ఏంటంటే రోమన్లకి పూర్వం మార్చితో సంవత్సరం మొదలయ్యేది. మార్చి నుంచి లెక్కపెట్టండి, సెప్టెంబర్ ఏడు, డిసెంబర్ పది సరిగ్గా పడతాయి. జనవరి ముందుకొచ్చాక అంకెలు పాత పేర్లలో ఇరుక్కుపోయాయి. ఫిబ్రవరి చివరి నెల కాబట్టే లెక్కలో వచ్చే హెచ్చుతగ్గులన్నీ దాని నెత్తిన పడేవి, లీపు రోజు ఇప్పటికీ దానికే. ఉగాది చేసుకునే మనకి, మార్చి 31న లెక్కలు మూసే మన ఆఫీసులకి ఇది వింతగా ఏం ఉండకూడదు.

ఉప్పు విషయంలో సగం వెనక్కి తీసుకోవాలి మీరు. 'సాలారియుమ్' అనే మాట 'సాల్' అంటే ఉప్పు నుంచి వచ్చిందన్నది నిజం, ప్లినీ అనే రోమన్ పెద్దాయన క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే ఆ సంబంధం రాశాడు. కానీ సైనికులకి నెల తిరగ్గానే ఉప్పు మూట చేతిలో పెట్టేవాళ్ళని ఏ రోమన్ రాతలోనూ లేదు, జీతం డబ్బుగానే ఇచ్చేవాళ్ళు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదని పెరిగినవాళ్ళం కాబట్టి మనకి ఆ కథ వెంటనే నచ్చేస్తుంది. ఉప్పు పిల్లలు కావాలంటే వేరే ఉన్నాయి: సలాడ్ అంటే ఉప్పు వేసినది, సాస్ కూడా అంతే, సాసేజ్ కూడా.

టీ_బ్రేక్:

నా వంతుగా ఒకటి. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడు. రోమ్‌లో ఎన్నికల్లో నిలబడినవాడు ఒంటికి చుట్టుకునే టోగా అనే బట్టకి సుద్ద పట్టించి తెల్లగా మెరిసేలా చేసుకుని జనంలో తిరిగేవాడు. 'కాండిడుస్' అంటే మెరిసే తెలుపు, క్యాండిల్ కూడా అందులోంచే, మన చంద్రుడు కూడా ఆ చుట్టాల్లోవాడే అంటారు. ఇక ఓట్లడుగుతూ చుట్టూ తిరగడాన్ని 'అంబిటియో' అనేవాళ్ళు, అదే యాంబిషన్. దానికి తమ్ముడు 'అంబిటుస్' అంటే ఓట్లకి డబ్బులు పంచే నేరం, దానికి ప్రత్యేకంగా చట్టాలు చేశారు. రెండు వేల ఏళ్ళు, ఖద్దరు చొక్కా తప్ప ఏం మారలేదు.

సరే గానీ, ఇంగ్లీషుని పక్కన పెట్టండి. మన తెలుగులోకి లాటిన్ నేరుగానో డొంకదారినో రాలేదా?

రిటైర్డ్_పండిట్:

రాకేం నాయనా. నన్ను ముప్పై ఏళ్ళు పిల్లలు పిలిచిన మాటే లాటిన్. మాస్టారు. ఇంగ్లీషు మాస్టర్, దాని వెనక లాటిన్ 'మగిస్టెర్', పెద్దవాడు, పైవాడు అని. మెజిస్ట్రేట్ కూడా అందులోంచే. మిస్టర్ అంటే మాస్టర్ కాస్త అరిగిన రూపం. ఇవన్నీ ఇంగ్లీషు దారి. అంతకంటే ముందు ఈ మాట సముద్రం మీదుగా ఒకసారి వచ్చింది. పోర్చుగీసువాళ్ళ భాష లాటిన్‌కి సొంత కూతురు, వాళ్ళు మగిస్టెర్‌ని 'మెస్త్రె' అన్నారు. అది మన నోట్లో మేస్త్రీ. స్కూల్లో పాఠం చెప్పే మాస్టారు, గోడ కట్టే మేస్త్రీ ఒకే మాట. మా ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ నన్ను మాస్టారూ అని, నేను ఆయన్ని మేస్త్రీ అని పిలుచుకుంటూ ఎనిమిది నెలలు గడిపాం, ఇద్దరికీ తెలియదు.

ఇంకో చమత్కారం. మగిస్టెర్‌లో ఉన్నది 'మగిస్', ఎక్కువ. దానికి ఎదురు 'మినుస్', తక్కువ. అందులోంచి వచ్చింది 'మినిస్టెర్', అంటే చిన్నవాడు, సేవకుడు, వడ్డించేవాడు. మినిస్టర్ గారి కాన్వాయ్ కోసం సిగ్నల్ దగ్గర ఆగిపోయినప్పుడు ఇది తలుచుకుంటే టైమ్ గడుస్తుంది.

సోమవారం_సెలవు:

మేస్త్రీ–మాస్టారు దెబ్బకి మా ఆవిడ కూడా థ్రెడ్ చదవడం మొదలుపెట్టింది.

అప్‌డేట్: అమ్మాయికి డెట్, డౌట్, రిసీట్ అన్నీ కథతో సహా చెప్పాను. బి తెచ్చి కూర్చోబెట్టిన పండితులంటే దానికి చాలా కోపంగా ఉంది. నోట్‌బుక్‌లో ఆ బిలకీ పికీ ఎర్ర పెన్నుతో కొమ్ములు పెట్టింది. ఐలాండ్ ఎస్‌కి అయితే కొమ్ములతో పాటు మీసాలు కూడా. అంతా బాగానే ఉంది గానీ నిన్న రాత్రి పడుకునే ముందు ఇంకో ప్రశ్న వేసింది: "రిసీట్‌లో పి పెట్టారు కదా, మరి డిసీట్ (deceit)లో ఎందుకు పెట్టలేదు? అదీ లాటినేనా?" డిక్షనరీ చూస్తే అదీ అదే కుటుంబం. నేను లైటు ఆర్పేసి నిద్రొస్తోందన్నాను.

రిటైర్డ్_పండిట్:

డిసీట్‌లో కూడా కొందరు పి పెట్టి రాశారమ్మా అని చెప్పండి. కన్సీట్ (conceit)లో కూడా. ఆ రెండింట్లోంచీ జారిపోయింది, రిసీట్‌లో అతుక్కుపోయింది. స్టాఫ్ రూములో ఇదే ప్రశ్న నేను అడిగితే మా ఇంగ్లీషు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, బెల్లు కొట్టారండీ అని లేచి వెళ్ళిపోయారు. బెల్లు ఇంకా కొట్టలేదు.